శుక్రవారం ఒంటిగంటన్నర

కరిముల్లాకు కన్నుందని ఆటోనగర్‌లో అనేవారు. లారీకి సొట్టపడితే, అది తీసి ఆ మేరకే రంగు వేయాలంటే అతన్ని పిలిచేవారు. పాత రంగు ఎండకు వెలిసి ఉంటుంది. డబ్బాలోని కొత్త రంగు దానితో కలవదు. కరిముల్లా రెండు డబ్బాలు తెరిచి, పుల్లతో కలిపి, ఎండలోకి తీసుకెళ్ళి చూసి, ఇంకో చెంచా పోసి, మళ్ళీ చూసేవాడు. ఆరాక సొట్ట ఎక్కడుండేదో లారీ యజమానికే తెలిసేది కాదు. ఎలా కుదిరిందని అడిగితే, ఏ రెండు రంగుల మధ్యనైనా ఇంకో రంగు ఉంటుందనీ, దాన్ని పట్టుకోవడమే పననీ చెప్పేవాడు. అంతకుమించి అతనికీ తెలియదు.

1994 వేసవిలో రామకోటేశ్వరరావు గారు స్కూటరు తెచ్చారు. ఆయన ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కెమికల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే లెక్చరరు. బండి పక్క మూత గోడకు రాసుకుని గీసుకుపోయింది. సాయంత్రం వచ్చి బండి చుట్టూ రెండుసార్లు తిరిగారు. గీత ఎక్కడా దొరకలేదు.

"ఏం చదువుకున్నావయ్యా?"

"ఏడు పాసండీ. ఎనిమిది తప్పి కూర్చున్నాను."

"మా లాబ్‌లో అటెండరు పని ఉంది. వస్తావా?"

"అక్కడ బళ్ళుంటాయాండీ?"

"బళ్ళుండవు. నీళ్ళుంటాయి."

నీళ్ళకు రంగు వేయడమేమిటో అర్థం కాకుండానే కరిముల్లా ఉద్యోగంలో చేరాడు.

అర్థం కానివి ఇంకా ఉన్నాయి. కృష్ణా జిల్లాలో తాటిచెట్లకు కొదవలేదు. పళ్ళు తిన్నాక పారేసిన టెంకల్ని సార్ బస్తాలకొద్దీ తెప్పించేవారు. గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేయించేవారు. ఆ బొగ్గును నిలువెత్తు గాజు గొట్టంలో నింపి, పైనుంచి కుళాయి నీళ్ళు వదిలేవారు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. బొగ్గు దాన్ని పట్టుకుని ఉంచుతుంది, కింద నుంచి వచ్చే నీళ్ళలో క్లోరిన్ ఉండదు. ఎన్ని గంటలు పట్టుకుంటుంది, ఎప్పుడు వదిలేస్తుంది అన్నదే సార్ పరిశోధన. దానికే ఆయనకు డాక్టరేటు రావాలి. పుట్టినప్పటినుంచీ బొగ్గు చేతులకు మసి చేయడమే చూసిన కరిముల్లాకు, అది నీళ్ళను కడగడమేమిటో బోధపడలేదు.

అతని పని మాత్రం బోధపడింది. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు వరకు అరగంటకోసారి గొట్టం కింద నీళ్ళు పట్టాలి. వాటిలో రెండు చుక్కల మందు వేయాలి. క్లోరిన్ ఉంటే నీళ్ళు పసుపు తిరుగుతాయి, ఎంత ఉంటే అంత పసుపు. పక్కన మూతలు బిగించిన పది చిన్న గొట్టాలు వరసగా ఉంటాయి, లేత పసుపు నుంచి ముదురు దాకా. ఏ గొట్టంతో సరిపోతే దాని అంకె రిజిస్టరులో రాయాలి.

"నాకు ఒకటోదీ రెండోదీ ఒకలాగే ఉంటాయయ్యా," అన్నారు సార్. "అందుకే నిన్ను తెచ్చుకున్నాను."

మొదటి శుక్రవారం వచ్చింది. ఒంటిగంటకు రీడింగు తీసి, కరిముల్లా సార్ కోసం చూశాడు. సార్ క్లాసులో ఉన్నారు. జుమ్మా నమాజుకు వేళయింది. సైకిలెక్కి మసీదుకు వెళ్ళి, రెండుకు అయిదు నిమిషాలుండగా తిరిగొచ్చి, రెండింటి రీడింగు తీశాడు. నడుమ ఒంటిగంటన్నర గడి ఖాళీగా ఉంది, ఊడిన పన్నులా. ఒంటిగంటకు నీళ్ళు ఒకటో గొట్టంలా ఉన్నాయి, రెండింటికి మూడో గొట్టంలా. కరిముల్లా ఆ గడిలో రెండో గొట్టం అంకె వేశాడు. అబద్ధం రాస్తున్నాననుకోలేదు. రెంటి మధ్యదాన్ని పట్టుకున్నాననుకున్నాడు.

సాయంత్రం సార్ రిజిస్టరు చూసి, "బాగుంది," అన్నారు.

బాగుందన్నారు కదా అని పై శుక్రవారమూ అలాగే చేశాడు. పరిశోధన రెండేళ్ళు సాగింది. తొంభై రెండు శుక్రవారాలు.

సార్‌కు డాక్టరేటు వచ్చింది. నల్ల అట్ట, దానిమీద బంగారు అక్షరాలు. లోపల కృతజ్ఞతల పేజీలో కరిముల్లా పేరు కూడా ఇంగ్లీషులో ఉంది. అతని కన్ను లేకపోతే ఈ పని లేదని రాశారట. ఆ ఒక్క పేజీ జిరాక్సు తీయించి ఇచ్చారు. ఇంట్లో భార్య మెహరాజ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"డాక్టరేటు సార్‌కొచ్చిందా, నీకొచ్చిందా?"

"సార్‌కే."

"చూసింది నువ్వు కదా?"

"చూసింది నేను. తెలిసింది సార్‌కి."

"డాక్టరయ్యారుగా, మా అమ్మ మోకాళ్ళకేమన్నా రాసిమ్మని అడుగు."

"ఆయన ఆ డాక్టరు కాదు మెహరాజ్."

"మరే డాక్టరు?"

నీళ్ళ డాక్టరనాలో బొగ్గు డాక్టరనాలో తెలియక కరిముల్లా అన్నం తిని లేచాడు.

ఏళ్ళు గడిచాయి. కరిముల్లా ఉద్యోగం పర్మనెంటయింది. సార్ ప్రొఫెసరయ్యారు. 2006లో ఒకరోజు లాబ్‌లోకి ఒకావిడ వచ్చారు. పేరు సత్యశ్రీ. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కిడ్నీల డాక్టరు. ఈవిడ మందులు రాసే డాక్టరే. సార్ పాత పేపరు ఎక్కడో చదివి వెతుక్కుంటూ వచ్చారు.

కిడ్నీలు పనిచేయనివాళ్ళ రక్తాన్ని మిషనుతో కడుగుతారు. ఒక్కో మనిషికి ఒక్కోసారి డ్రమ్ములకొద్దీ నీళ్ళు కావాలి. ఆ నీళ్ళలో క్లోరిన్ మిగిలితే రక్తంలోకి పోయి ఎర్ర కణాల్ని పగలగొడుతుంది. అందుకని ముందు బొగ్గులోంచి పంపుతారు. ఆ బొగ్గు ఎక్కడో వేరే రాష్ట్రం నుంచి రావాలి. ఇక్కడి తాటిటెంకల బొగ్గు సరిపోతే, కైకలూరులాంటి చోట కూడా రెండు మిషన్లు పెట్టొచ్చని ఆవిడ ఆలోచన. ఎంత మందాన బొగ్గు నింపాలో ఆవిడా సార్ కూర్చుని లెక్క కట్టారు. లెక్కంతా రిజిస్టరులోని అంకెల మీద నడిచింది.

ఆసుపత్రిలో మిషన్ల గది వెనక గొట్టం నిలబెట్టారు. బొగ్గు నింపడానికి కరిముల్లాను పంపారు. గది కిటికీ పక్క మంచం మీద పోలరాజు పడుకుని ఉండేవాడు. కొల్లేటి చేపల వ్యాపారి. చేతికి సూదులతో, వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, నాలుగేసి గంటలు అలాగే ఉండాలి. తెల్లవారకముందే కైకలూరులో బస్సెక్కితే ఇంటికి చేరేసరికి పొద్దుగూకేది.

"ఏం సాయిబూ, బొగ్గులేస్తన్నావ్. రైలింజను పెడతన్నారా ఇక్కడ?"

"మీ కోసమేనండీ. నీళ్ళు కడగడానికి."

"నీళ్ళతో రగతం కడుగుతారు, బొగ్గుతో నీళ్ళు కడుగుతారు. మరి బొగ్గునెవరు కడుగుతారు?"

"నేనే కడిగానండీ. మూడుసార్లు."

పోలరాజు నవ్వాడు. నవ్వితే సూది కదులుతుందని నర్సు గదమాయించింది. "మా ఊళ్ళో మిషను పెడతానందయ్యా డాక్టరమ్మ," అన్నాడు తగ్గుస్వరంతో. "నీ బొగ్గు బాగుంటేనేనంట. జాగర్తగా ఎయ్యి."

ఆ ఏడాదే ఇంకొకటి జరిగింది. ఒక విశ్వవిద్యాలయం ఇంటర్నెట్‌లో పాఠాలు మొదలుపెట్టింది. కాలేజీకి రాలేనివాళ్ళు ఇంట్లోనో నెట్ సెంటర్‌లోనో కూర్చుని చదువుకోవచ్చు. సార్‌ను నీళ్ళ శుద్ధి పాఠం చెప్పమన్నారు. లాబ్‌లో కెమెరా పెట్టి తీశారు. సార్ మాట్లాడతారు, కరిముల్లా చేతులు నీళ్ళు పడతాయి, చుక్కలు వేస్తాయి. మొహం కనిపించదు. పాఠంతోపాటు పాత రిజిస్టరు అంకెలన్నీ తేదీలతో సహా ఎక్కించారు. ఏయే ఊళ్ళలోనో మూడు వందలమంది ఆ అంకెలతో లెక్కలు చేస్తున్నారని సార్ చెప్పారు. ఆ మూడు వందలమంది ఎక్కడున్నారో, తన చేతుల్ని ఎటునుంచి చూస్తున్నారో కరిముల్లా ఊహకు అందలేదు.

ఒక బుధవారం సార్ అతన్ని కంప్యూటరు దగ్గరికి పిలిచారు.

"మచిలీపట్నం నుంచి ఫరహత్ అని ఒకమ్మాయి. ఇద్దరు పిల్లల తల్లట, ఇంట్లోంచే చదువుతోంది. ఏమడిగిందో చూడు. 'సార్, అన్ని శుక్రవారాల్లోనూ ఒంటిగంటన్నర రీడింగు దానికి ముందూ వెనకా ఉన్నవాటికి సరిగ్గా మధ్యలో ఉంది. మిగతా రోజుల్లో అలా లేదు. శుక్రవారం ఒంటిగంటన్నరకు రీడింగు తీసినవారు ఎవరండీ?' ఎవరైతే ఏంటయ్యా? ఎందుకని అడగాలి గానీ."

కరిముల్లా తెర మీది తేదీల వంక చూశాడు.

"నేను పదేళ్ళుగా చూడలేదు సుమా. నిజమే. ఒక్కటి కూడా అటూ ఇటూ పోలేదు. ఏముందయ్యా శుక్రవారంలో?"

"తెలీదండీ."

"ఆ పూట నీళ్ళు నిలకడగా పారుతాయేమో. లాబ్‌లో ఎవరూ ఉండరు కదా. దీనిమీద చిన్న పేపరు రాయొచ్చు."

ఆ అమ్మాయికి తెలిసిపోయిందని కరిముల్లాకు తెలిసింది. సార్‌కు తెలియలేదనీ తెలిసింది. మరి తనకు తెలిసిందేమిటో తెలియలేదు. తను చూడలేదు, అంతవరకు నిజం. కానీ ఒంటిగంటకు ఒకటోది, రెండింటికి మూడోది అయినప్పుడు నడుమ రెండోది కాక ఏముంటుంది? ఉన్నదే రాస్తే, చూడకపోయినా, అది తప్పెలా అవుతుంది?

ఇంట్లో చెప్పాడు. మెహరాజ్ బియ్యం ఏరుతోంది. అతన్ని కొడుకు పేరుతోనే పిలుస్తుంది.

"నాసిర్ అబ్బా, పక్కింటి తగాదాలో సాక్షివి నువ్వు. ముందు కేక విన్నావు, తర్వాత రక్తం చూశావు. మధ్యలో కత్తి చూశానని చెప్తావా?"

"నమాజుకే కదా వెళ్ళాను."

"నమాజుకెళ్ళావని ఎవరన్నారు తప్పని? చూడంది చూశానన్నావు."

"అంకె సరైనదే అయితే?"

"సరైనదేనా?"

ఆ అంకెల లెక్కతో ఆసుపత్రిలో నిలబెట్టిన గొట్టాన్ని సోమవారం మిషన్లకు కలుపుతారు.

లాబ్‌లో పాఠం కోసం నింపిన గొట్టం దగ్గర శుక్రవారం ఒంటిగంట రీడింగు తీశాడు. తెల్లగా ఉంది. సైకిలు తీయలేదు. లాబ్‌లో స్టూలు మీద కూర్చున్నాడు. పన్నెండేళ్ళలో ఆ వేళకు అక్కడ కూర్చోవడం అదే మొదలు. గోడ మీద ఎండ పడేచోటు కూడా కొత్తగా ఉంది. ఒంటిగంటన్నరకు నీళ్ళు పట్టి, రెండు చుక్కలు వేశాడు.

పసుపు. లేత పసుపు కాదు. ఆరో గొట్టం.

మళ్ళీ పట్టాడు. మళ్ళీ ఆరోదే. మందు పాడయిందేమోనని కొత్త సీసా తీశాడు. అదే రంగు. రెండింటికి పడితే నీళ్ళు తెల్లగా ఉన్నాయి, ఏమీ జరగనట్టు.

బయటికొచ్చాడు. నీళ్ళ ట్యాంకు నిచ్చెన కింద వాచ్‌మన్ జక్కయ్య చేతులు దులుపుకుంటున్నాడు. మోచేతుల దాకా తెల్లటి పొడి, క్లోరిన్ వాసన.

"బ్లీచింగా జక్కయ్యా?"

"ఆఁ. నువ్వేంది, మసీదుకి పోలా?"

"ఎప్పుడేశావు?"

"ఒంటిగంటకి. ఏసి, కాసేపాగి మోటారేస్తా. ప్రతి శుక్రవారం ఇదేగా."

"ఎప్పట్నుంచి?"

"నేను చేరినకాడి నించి. తొంభైమూడు."

"శుక్రవారమే ఎందుకు?"

"ఆ పూట పిల్లకాయలకి లాబుండదు. నీళ్ళెవరూ ముట్టుకోరు. నువ్వు కూడా ఉండవు." జక్కయ్య అతని మొహం చూసి ఆగాడు. "ఏందయ్యా, ఏం తప్పు చేశా?"

"నువ్వేం చేయలేదు," అన్నాడు కరిముల్లా.

సార్ గదికి వెళ్ళి, నిలబడే అంతా చెప్పాడు. సార్ మధ్యలో ఆపలేదు.

"తొంభై శుక్రవారాలా?"

"తొంభై రెండండీ."

"ఒక్కటైనా చూశావా?"

"ఈవేళ చూశానండీ."

"అప్పుడే చెబితే నేనే వెళ్ళిరమ్మనేవాణ్ణి కదయ్యా. గడి ఖాళీగా ఉంటే ఏం పోయేది?"

"తిడతారనుకున్నానండీ."

"నేనెప్పుడైనా తిట్టానా?"

"లేదండీ."

సార్ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. కిటికీలోంచి చూశారు. ఆయన చూస్తున్నవైపు చూడటానికేమీ లేదు, సైకిళ్ళ షెడ్డు తప్ప.

"ఇంకెవరికైనా తెలుసా?"

"ఆ మచిలీపట్నం అమ్మాయికి తెలుసండీ."

"ఆ పిల్లకెలా తెలుస్తుంది?"

"శుక్రవారం ఒంటిగంటన్నరకి వాళ్ళింట్లోనూ మగవాళ్ళుండరండీ."

సార్‌కు అప్పటికి అర్థమైంది. నవ్వబోయి ఊరుకున్నారు. లేచి స్కూటరు తాళాలు తీసుకున్నారు. "పద," అన్నారు. ఎక్కడికని కరిముల్లా అడగలేదు.

డాక్టరు సత్యశ్రీ అంతా విని ఒకే ప్రశ్న అడిగారు.

"ఏ గొట్టం?"

"ఆరోదండీ."

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలారు. "మా ట్యాంకులోనూ బ్లీచింగ్ వేస్తారు. ఏ రోజు వేస్తారో, ఏ టైముకి వేస్తారో నాకే తెలీదు." లేచి వెనక గదికి వెళ్ళి, గొట్టం కింద నీళ్ళు ఆపే చక్రం బిగించి, దానిమీద తెల్ల ప్లాస్టరు అడ్డంగా అంటించారు. "ఇది కలపను. రెండు గొట్టాలు ఒకదాని వెనక ఒకటి పెట్టండి. ఇక్కడ కూడా శుక్రవారం ఒంటిగంటకే బ్లీచింగ్ వేయిస్తాను. ఎనిమిది శుక్రవారాలు వరసగా, ఒంటిగంటన్నరకు, తెల్లగా రావాలి. అప్పుడు చూద్దాం."

కరిముల్లాను ఏమీ అనలేదు. అంటారని సిద్ధపడి వచ్చినవాడికి ఆ ఊరుకోవడం ఎటు తీసుకోవాలో తెలియలేదు.

ఫరహత్‌కు సార్ జవాబు రాశారు. ఆ రీడింగులు ఎవరూ తీయలేదనీ, వాటిని లెక్కలోంచి తీసేయమనీ రాశారు. ఆ అమ్మాయి రెండే మాటలు పంపింది: "అనుకున్నానండీ. మన్నించండి." మన్నించమని అడగాల్సింది ఎవరో సార్‌కూ పాలుపోలేదు.

రెండో గొట్టం నిలబెట్టేదాకా కరిముల్లా ఎప్పటిలా జుమ్మాకు వెళ్ళాడు. ఆ తర్వాత రెండు శుక్రవారాలు అతనే ఆసుపత్రిలో ఉన్నాడు. ఒంటిగంటన్నరకు తీశాడు. రెండుసార్లూ తెల్లగానే వచ్చాయి. జుమ్మాకు బదులు ఇంటికెళ్ళి ఒక్కడే నమాజు చదువుకున్నాడు. మూడో శుక్రవారం మెహరాజ్ గుమ్మంలో నిలబడింది.

"ఇవాళ కూడా పోకపోతే వరసగా మూడు. తెలుసుగా?"

తెలుసు. వరసగా మూడు జుమ్మాలు వదిలేసినవాడి గుండెకు ముద్ర పడుతుందని, ఇక మంచి అందులోకి దిగదని చిన్నప్పటినుంచీ విన్నదే. సార్‌కు ఆ మాట చెప్పాడు.

"వెళ్ళవయ్యా. నేను తీస్తాను."

"మీకు ఒకటోదీ రెండోదీ..."

"తీస్తానన్నాను కదా. వెళ్ళు."

మసీదులో వరసలో నిలబడ్డాడు. వంగినప్పుడూ లేచినప్పుడూ గొట్టమే కళ్ళముందు ఉంది. అన్నాళ్ళూ నిశ్చింతగా చేసిన నమాజు, లెక్క కుదిరిపోయిందనుకున్న నమాజు, ఇప్పుడు ఇలా అయింది. ఏది సరైన నమాజో ఎవరినడగాలో తెలియలేదు.

రెండుకు అయిదు నిమిషాలుండగా ఆసుపత్రికి వచ్చాడు. రిజిస్టరు తెరిచి ఉంది. ఒంటిగంటన్నర గడి ఖాళీ. కిటికీలో, ఎండలో, నీళ్ళు పట్టిన చిన్న గొట్టం నిలబెట్టి ఉంది.

"నాకు తేలలేదయ్యా," అన్నారు సార్. ఆయన చొక్కా వీపున తడిసిపోయింది. "తెల్లగా ఉందా, ఒకటోదా, రెండోదా... నువ్వొచ్చి చూస్తావని ఉంచాను."

కరిముల్లా దాన్ని ఎత్తి చూశాడు. లేతగా పసుపు ఉంది. మందు వేసిన నిమిషంలో చూడాలి. ఎండలో పెడితే రంగు మారిపోతుంది, ఒక్కోసారి ముదురుతుంది, ఒక్కోసారి వెలుస్తుంది.

"ఇది ఇప్పటి రంగండీ. అప్పటిది కాదు."

"నీ కన్ను నాకు తెలుసు. అప్పుడెంతుండి ఉంటుంది? సుమారుగా."

ఎండకు వెలిసిన రంగు చూసి, వెలవకముందు ఎలా ఉండేదో చెప్పడమే ఆటోనగర్‌లో అతని బతుకు. ఇప్పుడూ చెప్పగలడనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా సార్ పెన్ను పట్టుకుని నిలబడి ఉన్నారు.

"చెప్పలేనండీ," అన్నాడు.

రెండింటి రీడింగు తీశాడు. తెల్లగా ఉంది. ఆ అంకె రాసి, పై గడిని అలాగే వదిలేశాడు. సార్ దానివంక చూసి, పెన్నుకు మూత పెట్టి, డాక్టరమ్మకు చెప్పడానికి లోపలికి వెళ్ళారు.

కిటికీ అవతల పోలరాజు తల తిప్పాడు.

"ఏం సాయిబూ, ఇయ్యాలేమైంది? మూడో శుక్రవారంగా?"

"పోయిందండీ. మళ్ళీ మొదట్నించి."

"పసుపొచ్చిందా?"

"తెలీదండీ."

"తెలీదా? ఇద్దరు డాక్టర్లు, నువ్వు, ముగ్గురుండి తెలీదా?" పోలరాజు గొంతు పెరిగింది. నర్సు వస్తుందేమోనని తగ్గించాడు. "ఎనిమిది శుక్రవారాలంటే నాకెన్ని బస్సులో తెలుసా? అప్పట్లో నువ్వైతే ఏదో ఒకటి రాసేవోడివంటగా. సారు చెబుతుంటే విన్నాను."

"రాసేవాణ్ణండీ."

"అదేదో ఇయ్యాల కూడా రాయకపోయావా!"

పోలరాజు అది వెక్కిరించి అన్నాడో, నిజంగానే అన్నాడో కరిముల్లాకు అంతుపట్టలేదు. పోలరాజు మొహంలో కూడా దొరకలేదు. మిషను తిరుగుతూనే ఉంది. ఎర్రటి రక్తం సన్నని గొట్టంలో బయటికొచ్చి, ఇంకో గొట్టంలో లోపలికి పోతోంది.

కాసేపటికి పోలరాజు కళ్ళు మూసుకున్నాడు.

"రెండున్నరకి మళ్ళీ తియ్యాలా?"

"తియ్యాలండీ."

"మరి ఉండు ఇక్కడే. టైమైతే నేను లేపుతా," అన్నాడు పోలరాజు కళ్ళు తెరవకుండానే.

కరిముల్లా స్టూలు కిటికీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు.